సెన్సారు కత్తెర పడని ఉత్తరాలు: యుద్ధ విన్యాసాల నుంచి మిత్రుడికి

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు రాసిన ఉత్తరాల ప్రస్తావన వస్తే చాలు, నార్మండీ, ఇటలీ, పసిఫిక్ దీవుల పేర్లే వినిపిస్తాయి. ఫిరంగి మోతల మధ్య రాసిన ఉత్తరానికి ఉండే విలువ ఎవరూ కాదనలేనిది. కానీ ఆ సైనికుల్లో ఎంతోమంది యుద్ధరంగంలో ఉన్న కాలం కన్నా స్వదేశంలో శిక్షణలో ఉన్న కాలమే ఎక్కువ. 1942లో అమెరికన్ సైన్యం వేసుకున్న ప్రణాళికలో ఒక కొత్త డివిజన్‌కు, అంటే వేలమంది సైనికులుండే పెద్ద దళానికి, వ్యక్తిగత శిక్షణ 17 వారాలు, దళాలవారీ శిక్షణ 13 వారాలు, పదాతి, ఫిరంగి, ఇంజనీర్ల దళాలు కలిసి చేసే శిక్షణ 14 వారాలు. ఈ 44 వారాలూ గడిచాక పెద్ద ఎత్తున యుద్ధ విన్యాసాలు, అంటే సొంత దళాలే రెండు పక్షాలుగా ఆడే నమూనా యుద్ధాలు. లూసియానా అడవుల నుంచి, టెనెసీ కొండల నుంచి, కరోలినాల నుంచి, కాలిఫోర్నియా ఎడారి నుంచి ఆ రోజుల్లో లెక్కలేనన్ని ఉత్తరాలు బయల్దేరాయి. వాటిలో నిజమైన శత్రువు లేడు, గెలిచిన ఊరు లేదు, పతకం లేదు. అందుకే వాటికి దక్కిన ఆదరణా తక్కువే.

అయినా ఒక గుమాస్తా, ఒక రైతు కొడుకు, ఒక కాలేజీ కుర్రాడు సైనికుడిగా ఎలా తయారయ్యాడో తెలియాలంటే చదవాల్సింది ఈ ఉత్తరాలనే. అందులోనూ అమ్మకో, పెళ్ళాడబోయే అమ్మాయికో రాసినవి కాక, ఈడువాడైన మిత్రుడికి రాసినవి. యుద్ధం మొత్తంలో సైనికుడు దాపరికం లేకుండా మాట్లాడగలిగిన చోటు దాదాపు అదొక్కటే. దానికి కారణాలు కొన్ని సైన్యం పనితీరులో ఉన్నాయి, కొన్ని టపా నియమాల్లో ఉన్నాయి, మిగిలినవి స్నేహంలో ఉన్నాయి.

ముందు ఈ విన్యాసాలు ఎందుకు అవసరమయ్యాయో చూడాలి. జర్మనీ పోలండ్ మీద విరుచుకుపడిన 1939 సెప్టెంబరు 1నే జార్జ్ మార్షల్ అమెరికన్ సైన్యాధిపతిగా బాధ్యత చేపట్టారు. అప్పటికి ఆయన చేతికింద ఉన్న సైన్యం సుమారు 1,90,000 మంది. మరుసటి ఏడాది సెప్టెంబరు 16న నిర్బంధ సైనిక సేవా చట్టం మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేశారు. శాంతికాలంలో యువకులను ఇలా సైన్యంలోకి పిలవడం ఆ దేశంలో అదే మొదటిసారి. 1941 నడిమధ్యకు వచ్చేసరికి సైన్యం 14 లక్షలకు చేరింది. మనుషులు వచ్చారు, ఆయుధాలు రాలేదు. వాళ్ళను నడిపించాల్సిన అధికారుల్లో చాలామందికి ఒక పూర్తి డివిజన్‌ను మైదానంలో కదిలించిన అనుభవమే లేదు.

ఆ లోటు పూడ్చడానికి 1941 సెప్టెంబరులో లూసియానాలో నాలుగు లక్షలకు పైగా సైనికులను రెండు పక్షాలుగా చీల్చి ఒకరి మీదికి ఒకరిని వదిలారు. బెన్ లియర్ నడిపిన రెండో సైన్యం ఎర్ర పక్షం, వాల్టర్ క్రూగర్ నడిపిన మూడో సైన్యం నీలి పక్షం. సుమారు 3,400 చదరపు మైళ్ళ నేల. క్రూగర్ దగ్గర వ్యూహరచన చూసిన కర్నల్ పేరు ఐసెన్‌హోవర్, తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైనవాడు. అప్పటికి ఆ పేరు దేశంలో పెద్దగా ఎవరికీ తెలియదు. టాంకుల డివిజన్‌తో దూసుకెళ్ళినవాడు జార్జ్ పాటన్. ఈ మొత్తం వ్యవహారానికి నిర్దేశకుడు లెస్లీ మెక్‌నెయిర్. ఖర్చు గురించి, జరుగుతున్న తప్పుల గురించి అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో కొందరు గొణిగితే, ఆ తప్పులు యూరప్‌లో జరిగే బదులు లూసియానాలోనే జరగనివ్వండి అన్నది మార్షల్ సమాధానం. ఆయన మాటకు కట్టుబడ్డారు కూడా. ఆ ఏడాది పెద్ద విన్యాసాల్లో పాల్గొన్న డివిజన్, కోర్ (కొన్ని డివిజన్ల సమూహం), సైన్య స్థాయి సేనానులు 42 మంది అయితే, వారిలో 31 మందిని తర్వాతి కాలంలో తప్పించడమో పక్కన పెట్టడమో జరిగింది.

చరిత్ర పుస్తకాలు ఈ కథను బాణం గుర్తులున్న పటాలతో చెబుతాయి. ఏ సైన్యం ఏ నది దాటింది, ఎవరు ఎవరిని చుట్టుముట్టారు అన్నది ఆ పటాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. సైనికుడి ఉత్తరంలో ఆ పటం ఉండదు. ఎర్ర పక్షం గెలిచిందో నీలి పక్షం గెలిచిందో రాసేవాడికే తెలియదు. రాత్రి పదకొండుకు లేపి ట్రక్కు ఎక్కించారు, దీపాల్లేకుండా తెల్లవార్లూ నడిపారు, ఎక్కడ దించారో తెలియదు, గుంత తవ్వమన్నారు, తవ్వడం పూర్తవుతుండగానే మళ్ళీ ఎక్కమన్నారు. ఈ కాలపు ఉత్తరాల్లో మాటిమాటికీ కనిపించే క్రమం ఇదే. ఎక్కడికి, ఎందుకు అన్న ప్రశ్నలకు జవాబు దొరకకపోవడమే సైనికుడిని అన్నిటికన్నా ఎక్కువ కుంగదీసింది. చలి, ఆకలి, నిద్రలేమి కూడా ఆ తర్వాతే. తర్వాత ఫ్రాన్స్‌లోనూ ఇటలీలోనూ పదాతి సైనికుడి అనుభవం సరిగ్గా ఇదే అన్నది గుర్తుంచుకుంటే, కవాతు మైదానంలో నేర్పలేని పాఠాన్ని ఆ అడవులు ఎంత ముందుగా నేర్పాయో అర్థమవుతుంది.

ఆట నియమాలు కూడా వింతగానే ఉండేవి. చేతికి పట్టీ కట్టుకుని జెండాలు పట్టుకున్న అంపైర్లు దళాల మధ్య తిరిగేవారు. రెండు పక్షాలు ఎదురుపడితే ఎవరి బలగం ఎంత, ఎన్ని తుపాకులు గురిపెట్టి ఉన్నాయో లెక్కగట్టి, ఎవరు వెనక్కి తగ్గాలో చెప్పేవారు. వంతెన దగ్గర అంపైరు జెండా పాతితే ఆ వంతెన కూలిపోయినట్టు. కళ్ళెదుట నిక్షేపంగా ఉన్నా దాటకూడదు, ఇంజనీర్లు వచ్చి పక్కన మరొకటి కట్టాలి. విమానాలు వేసే బాంబులు పిండి సంచులు. నిజమైన టాంకులు చాలక ట్రక్కులకు టాంకు అని రాసిన బోర్డులు తగిలించారు. ఫిరంగుల స్థానంలో దుంగలు, పొయ్యి గొట్టాలు నిలబెట్టారు. నిన్నటిదాకా దుకాణంలో లెక్కలు రాసిన యువకుడికి, చనిపోయావని ఒక అధికారి వచ్చి చెప్పి మెడలో గాయాల చీటీ కట్టి పంపిస్తే ఎలా ఉంటుంది? చాలామంది మిత్రులకు దీన్ని సరదాగానే రాశారు. చీటీ కట్టించుకున్నవాడికి కాసేపు విశ్రాంతి దొరికేది మరి. కానీ ఆ సరదా మధ్యలోనే, అది నిజమైన తూటా అయి ఉంటే అన్న ఆలోచన ఎక్కడో ఒక వాక్యంలో తొంగిచూస్తుంది. అలాంటి వాక్యం అమ్మకు రాసే ఉత్తరంలోకి వచ్చే అవకాశం చాలా తక్కువ.

నియమాల ప్రభావం సైనికుడి మనసు మీదే కాదు, సైన్యం సిద్ధాంతం మీదా పడింది. టాంకులను ఎదిరించే చిన్న ఫిరంగులకు అంపైర్ల లెక్కలో పెద్ద పీట వేశారు. వాటి ముందు టాంకులు కాగితం మీద సులభంగా ఓడిపోయాయి. ఆ ఏడాది చివర్లో టాంకు విధ్వంసక దళం అనే ప్రత్యేక విభాగం పుట్టడానికి ఈ ఫలితాలూ తోడ్పడ్డాయి. యుద్ధంలో ఆ సిద్ధాంతం ఆశించినంతగా పని చేయలేదు, యుద్ధం ముగిశాక ఆ విభాగాన్నే రద్దు చేశారు. మరోవైపు మెక్‌నెయిర్ పట్టుకున్న లోపం మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. దళాలు రోడ్లను వదలడం లేదు. ట్రక్కుల వరుసలు బారులు తీరి, పైనుంచి వచ్చే విమానాలకు సులువుగా దొరికిపోతున్నాయి. ట్రక్కు దిగి పొలాల్లోంచి నడవమని పైనుంచి ఆదేశాలు వచ్చాయి. కింద ఉన్నవాడికి ఆ కారణం ఎవరూ చెప్పలేదు. ఖాళీ ట్రక్కు పక్కనే ఉండగా నిండు మూట వీపున వేసుకుని మైళ్ళకు మైళ్ళు నడవాల్సి వచ్చినవాడి కోపం మిత్రుడికి రాసే ఉత్తరంలో బుసలు కొట్టడం సహజం.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తర్వాత విన్యాసాల కేంద్రం టెనెసీకి మారింది. నాష్‌విల్‌కు తూర్పున లెబనాన్ పట్టణంలో ఉన్న కంబర్లాండ్ విశ్వవిద్యాలయమే ప్రధాన కార్యాలయం. కంబర్లాండ్ నది, చుట్టూ ఉన్న కొండలు, ఇరుకు దారులు పశ్చిమ యూరప్ నేలను పోలి ఉన్నాయని, ఆ నది దాటడం నేర్చుకుంటే రైన్ నది దాటడం తేలికవుతుందని సైన్యం భావించింది. 1942 శరత్కాలం నుంచి 1944 మార్చి దాకా ఎనిమిది లక్షలకు పైగా సైనికులు అక్కడి 21 కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మీదుగా నడిచారు. ఒక్కో విడతకు వచ్చిన డివిజన్లు దాదాపు రెండు నెలలు అక్కడే ఉండేవి.

ఆ రెండు నెలల జీవితానికి ఒక లయ ఉండేది, ఉత్తరాలను అర్థం చేసుకోవడానికి అది తెలియాలి. ఒక్కో పోరాట సన్నివేశాన్ని సైనికులు ‘ప్రాబ్లం’ అనేవారు. వారం మొదట్లో మొదలై గురువారమో శుక్రవారమో ముగిసేది. ప్రాబ్లం నడుస్తున్నంతసేపూ నిప్పు వెలిగించకూడదు, దీపం ఉండకూడదు, చాలాసార్లు డేరా వేసుకునే వీలూ ఉండదు. ముగింపు ప్రకటన వచ్చిన క్షణంలో కొండల నిండా మంటలు లేచేవి. బట్టలు ఆరబెట్టుకోవడం, గడ్డం గీసుకోవడం, వేడి తిండి తినడం, ఉత్తరాలు రాయడం అన్నీ ఆ ఒకటి రెండు రోజుల్లోనే. అందుకే టెనెసీ ఉత్తరాలు శని, ఆదివారాల చుట్టూ పోగుపడి, మధ్యలో నాలుగైదు రోజుల మౌనం కనిపిస్తుంది. మౌనం తర్వాత వచ్చే ఉత్తరం ఒక్క బిగిన రాసినట్టుంటుంది. వాక్యాలు పొడుగ్గా సాగుతాయి, సంఘటనల వరుస తప్పుతుంది, ఒక రాత్రి మరో రాత్రితో కలిసిపోతుంది. మోకాలి మీద కాగితం పెట్టుకుని, తడి చేతులతో, పెన్సిలు ముక్కతో రాసిన ఉత్తరం అలా కాక మరెలా ఉంటుంది?

డేరా సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ప్రతి సైనికుడూ మోసేది సగం డేరా గుడ్డే. ఇద్దరు తమ సగాలను గుండీలతో కలుపుకుంటేనే ఒక డేరా. పక్కనున్నవాడు ఎవరైనా సరే, పగలంతా మాట్లాడకపోయినా సరే, రాత్రి కాగానే అతనితో కలవాల్సిందే. ఒక ఊరివాడూ మరో రాష్ట్రంవాడూ, చర్చికి రోజూ వెళ్ళేవాడూ అసలు వెళ్ళనివాడూ ఇలా ఒకే గుడ్డ కింద చేరేవారు. మిత్రుడికి రాసే ఉత్తరాల్లో డేరా జంటగాడి వర్ణన చాలా చోట్ల వస్తుంది. అతని గురక, అతని అలవాట్లు, ఇంటి నుంచి అతనికి వచ్చిన పొట్లంలో ఏముంది అన్నవన్నీ. పాత స్నేహితుడికి కొత్త స్నేహితుణ్ణి పరిచయం చేస్తున్నట్టు ఉంటాయి ఆ పేరాలు. సైన్యంలో మనిషిని నిలబెట్టేది పక్కవాడి పట్ల కుదిరిన నమ్మకమే అని తర్వాత ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. ఆ నమ్మకం మొలకెత్తే దశ ఈ ఉత్తరాల్లో దొరుకుతుంది.

తిండి గురించిన ఫిర్యాదులకు అంతే లేదు. సైన్యం ఇచ్చే డబ్బా తిండి అయిన సీ రేషన్‌లో మొదట్లో ఉన్నవి మూడే రకాలు: మాంసంతో చిక్కుళ్ళు, మాంసం కూరగాయలు కలిపిన ముద్ద, మాంసం కూరగాయల పులుసు. వాటినే తిప్పి తిప్పి తినాలి, అదీ చల్లగా. మూడు కాళ్ళ కర్రకు వేలాడదీసిన గుడ్డ సంచిలోని నీళ్ళకు క్లోరిన్ వాసన. లూసియానాలో పిడుదులు, ఒంటికి పట్టుకుని దద్దుర్లు పుట్టించే సన్నటి ఎర్ర పురుగులు, పాములు. టెనెసీలో 1943–44 చలికాలం వాన, మంచు, బురద. తొడుక్కున్న బూట్లు రోజుల తరబడి ఆరవు. ఇక్కడే స్థానికుల పాత్ర వస్తుంది. రైతుల కంచెలు టాంకుల కింద నలిగాయి, పొలాలు గుంతలయ్యాయి. సైన్యం నష్టపరిహారం లెక్కగట్టి ఇచ్చింది. అయినా అదే రైతుల ఇళ్ళలో ఆదివారం భోజనానికి సైనికులను పిలిచారు. బట్టలు ఉతికిపెట్టారు, చర్చిలు, పాఠశాలలు తెరిచిపెట్టారు. వేయించిన కోడి, వేడి బిస్కెట్లు పెట్టిన ఇంటి గురించి ఒక పేజీ నిండా రాసి, ఆ వారం జరిగిన విన్యాసానికి రెండు వాక్యాలే కేటాయించినవాడిని తప్పు పట్టలేం. అతనికి ఆ వారంలో గుర్తుండదగ్గ సంగతి అదే.

ఇక టపా. 1942 మార్చి చివరి నుంచి సైనికులకు మామూలు ఉత్తరాన్ని స్టాంపు లేకుండా పంపుకునే హక్కు వచ్చింది. కవరు మీద స్టాంపు అంటించాల్సిన మూలలో ‘ఉచితం’ అని ఇంగ్లీషులో స్వదస్తూరీతో రాసి, పై మూలలో తన పేరు, హోదా, దళం రాస్తే సరిపోయేది. అంతకు ముందు 3 సెంట్ల స్టాంపు కావాలి. మొత్తం చిన్నదే అయినా, అడవిలో స్టాంపు సంపాదించడం పెద్ద పని. 1941 లూసియానా ఉత్తరాల్లో స్టాంపులు పంపమని అడగడం వింత కాదు. విన్యాసాలకు వెళ్ళిన దళానికి ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) నంబరు ఉండేది, టెనెసీలో ఉన్నవారి ఉత్తరాలు నాష్‌విల్ పోస్ట్‌మాస్టర్ ద్వారా నడిచేవి. కాబట్టి ఇవాళ ఒక కవరు చేతికి దొరికితే, లోపలి ఉత్తరం చదవకముందే దళం ఏదో, విన్యాసం ఏదో చాలావరకు చెప్పేయవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా సెన్సారు. విదేశానికి ఓడ ఎక్కాక సైనికుడి ఉత్తరాలను సాధారణంగా అతని దళంలోని అధికారే చదివేవాడు. ఊరి పేరు రాస్తే కత్తిరించేవాడు, దళాల కదలిక రాస్తే నల్ల సిరా పూసేవాడు. 1942 జూన్‌లో మొదలైన వీ మెయిల్ పద్ధతిలో ఉత్తరాన్ని సూక్ష్మ ఫిల్ముకు ఎక్కించి, దేశం చేరాక మళ్ళీ చిన్న కాగితం మీద ముద్రించేవారు. రాయడానికి ఉన్నది ఒకే ఒక్క పేజీ. తన పై అధికారే చదువుతాడని తెలిసినవాడు ఆ అధికారి గురించి ఏం రాస్తాడు? స్వదేశంలో ఉన్నంతకాలం ఈ బాధ లేదు. కదలికల వివరాలు బయటపెట్టవద్దన్న హెచ్చరికలు ఉండేవి కానీ, శిబిరం నుంచి వెళ్ళే ప్రతి కవరునూ విప్పి చూసే ఏర్పాటు లేదు. కవరు అతికిస్తే మిత్రుడే విప్పుతాడు. లెఫ్టినెంటుకు పటం చదవడం రాదని, కెప్టెన్ దారి తప్పించాడని, సార్జెంటు మంచివాడని అలాంటి చోటు నుంచే రాయగలరు. అదే మనిషి ఏడాది తర్వాత ఇటలీ నుంచి రాసిన ఉత్తరం పక్కన పెట్టి చూస్తే గొంతు ఎంత బిగుసుకుపోయిందో తెలుస్తుంది. యుద్ధం మనిషిని మార్చింది నిజమే. కత్తెర కూడా మార్చింది. ఆ రెండింటినీ విడదీసి చూడటానికి విన్యాసాల ఉత్తరం తప్ప వేరే కొలత లేదు.

మిత్రుడన్నవాడు ఎవరు అన్నది తర్వాతి ప్రశ్న. చాలా సందర్భాల్లో అతనూ సైన్యంలోనే మరో శిబిరంలో ఉన్నవాడు. అలాంటప్పుడు ఉత్తరం పోలికల మీద నడుస్తుంది. మీ దగ్గర తిండి ఎలా ఉంది, సెలవు ఎన్ని రోజులిచ్చారు, కొత్త రైఫిల్ వచ్చిందా, మీవాళ్ళు విదేశం వెళ్తున్నారని విన్నాం నిజమేనా? ఫ్యాక్టరీ పని వల్లో ఆరోగ్య కారణం వల్లో మినహాయింపు దొరికి ఊళ్ళోనే ఉండిపోయిన మిత్రుడైతే గొంతు వేరు. ఊరి కబుర్ల మీద ఆశ, తను లేకుండానే అక్కడ బతుకు సాగిపోతోందన్న బెంగ, మాట తూలకుండా దాచుకున్న చిన్న అసూయ. ఆ ఉత్తరాల్లో స్నేహాన్ని కాపాడుకునే ప్రయత్నం వాక్యవాక్యంలో కనిపిస్తుంది.

తల్లికి వెళ్ళే ఉత్తరం కష్టాన్ని తగ్గించి చెబుతుంది. తిండి బాగుంది, బరువు పెరిగాను, జలుబు తగ్గింది. మిత్రుడికి వెళ్ళేది కష్టాన్ని పెంచి చెబుతుంది. పది మైళ్ళు పాతికవుతాయి, మామూలు వాన ప్రళయమవుతుంది. కాబట్టి మిత్రుడి ఉత్తరంలో ఉన్నదంతా నిజమనుకుంటే పొరపాటే. ఒకే వారంలో ఇద్దరికీ రాసినవి దొరికినప్పుడు పక్కపక్కన పెట్టుకోవడం మంచి పద్ధతి. ఎంత దూరం నడిచారన్నది తేలకపోయినా, ఎవరి ముందు ఏది దాచాలనుకున్నాడో తేలుతుంది. చాలాసార్లు అదే విలువైన సమాచారం.

ఫిర్యాదును తిరుగుబాటుగా చదవడం కూడా ప్రమాదమే. 1941 వేసవిలో ఇది పెద్ద ఎత్తున జరిగింది. ఏడాది సేవ అని చెప్పి తీసుకున్నవారిని మరో 18 నెలలు ఉంచడానికి ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఆగస్టు 12న ప్రతినిధుల సభలో అది 203–202 ఓట్లతో, అంటే ఒకే ఒక్క ఓటుతో గట్టెక్కింది. అక్టోబరు వస్తే గోడ దూకి వెళ్ళిపోదాం అనే అర్థం వచ్చేలా శిబిరాల గోడల మీద రాతలు వెలిశాయి. మిత్రులకు రాసిన ఉత్తరాల్లో కోపం భగభగలాడింది. సైన్యం స్థైర్యం కుప్పకూలిందని పత్రికలు బెంగపడ్డాయి. అక్టోబరు వచ్చింది, మూకుమ్మడిగా ఎవరూ పారిపోలేదు. తిట్టుకుంటూనే పని చేసే మనిషిని ఆ ఉత్తరాల్లో చూడాలి. మిత్రుడి ముందు తిట్టుకునే వీలు ఉండటమే అతన్ని పనిలో నిలబెట్టిందని అనుకోవడానికి ఆధారం ఉంది.

ఆడినట్టు ఆడిన ఈ యుద్ధంలో చావులు మాత్రం నిజమైనవే. 1941 లూసియానా విన్యాసాల్లో ఇరవై మందికి పైగా సైనికులు చనిపోయారు, ఎక్కువగా వాహన ప్రమాదాల్లో. దీపాల్లేకుండా ఇరుకు దారుల్లో ట్రక్కు నడిపేవాడికి నేల మీద పడుకున్నవాడు కనిపించడు. 1944 మార్చిలో వరద మీదున్న కంబర్లాండ్ నదిని రాత్రిపూట దాటుతుండగా పడవ తిరగబడి 21 మంది మునిగిపోయారు. నది దాటడం నేర్పడానికే ఆ నదిని ఎంచుకున్నారన్నది గుర్తుంటే ఈ మరణాలు మరింత బరువుగా తోస్తాయి. శత్రువు చేతిలో పోలేదు కాబట్టి ఆ కుటుంబాల దుఃఖానికి ఊళ్ళో దక్కాల్సిన గౌరవం కూడా పూర్తిగా దక్కలేదు. మిత్రుడికి రాసిన ఉత్తరాల్లో వాగుడు హఠాత్తుగా ఆగి, ఫలానా కంపెనీలో ఒకడు పోయాడు అని ఒక్క ముక్క రాసి మరో విషయంలోకి వెళ్ళిపోవడం కనిపిస్తే, తేదీ చూసి ఆ వారం ఏం జరిగిందో వెతకడం పాఠకుడి బాధ్యత.

ఈ కబుర్లలో అందరికీ సమాన భాగం లేదు. దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులను విడి దళాల్లో ఉంచారు, విడి బస్సుల్లో ఎక్కించారు. రైతు ఇంటి ఆదివారం భోజనం తెల్లవాళ్ళకే. 1942 జనవరి 10న లూసియానాలోని అలెగ్జాండ్రియాలో లీ వీధిలో సైనిక పోలీసులూ స్థానిక పోలీసులూ నల్లజాతి సైనికుల మీద కాల్పులు జరిపారు, ఎందరో గాయపడ్డారు. తమ మాట మిత్రుడి దగ్గర ఆగిపోతే చాలదనుకున్నవాళ్ళు పత్రికలకు, హక్కుల సంఘాలకు రాశారు. సైనికుల వారపత్రిక యాంక్‌లో 1944 ఏప్రిల్‌లో ఒక నల్లజాతి కార్పొరల్ ఉత్తరం అచ్చయింది. లూసియానా శిబిరం నుంచి ప్రయాణిస్తూ రైల్వే స్టేషనులో తనూ తన తోటివాళ్ళూ వంటగదిలో తినాల్సి వస్తే, జర్మన్ యుద్ధఖైదీలు లోపల బల్లల ముందు కూర్చుని తిన్నారని, మేం దేనికోసం పోరాడుతున్నట్టని ఆయన అడిగాడు. ఆ ఉత్తరానికి మద్దతుగా తెల్లజాతి సైనికుల నుంచి కూడా పెద్ద సంఖ్యలో ఉత్తరాలు వచ్చాయి. మిసిసిపీలోని క్యాంప్ షెల్బీలో శిక్షణ పొందిన 442వ పదాతి రెజిమెంటులో జపాన్ మూలాలున్న అమెరికన్లు ఉన్నారు. వారిలో అమెరికా ప్రధాన భూభాగం నుంచి వచ్చిన చాలామంది సైనికుల తల్లిదండ్రులు, చిన్ననాటి మిత్రులు అప్పుడు ముళ్ళకంచెల వెనక అమెరికా ప్రభుత్వమే పెట్టిన నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు. వారి ఉత్తరాలను విన్యాసాల కబుర్లుగా మాత్రమే చదవడం అన్యాయం.

ఇదే కాలంలో భారత సైన్యంలోనూ ఇలాంటి శిక్షణే నడిచింది. బర్మాలో ఎదురుదెబ్బలు తిన్నాక 1943లో 14వ భారత డివిజన్‌ను ఛింద్వాడాలో, 39వ డివిజన్‌ను సహారన్‌పూర్‌లో అడవి యుద్ధ శిక్షణకు కేటాయించారు. పాతిక లక్షలకు చేరిన ఆ సైన్యంలో మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు జిల్లాలవాళ్ళూ ఉన్నారు. పశ్చిమ గోదావరిలోని మాధవరానికి మిలిటరీ మాధవరం అన్న పేరు రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి నుంచి వెళ్ళినవాళ్ళ వల్లే వచ్చింది. కానీ భారత సైనికుల ఉత్తరాలు ఇవాళ మనకు ఎక్కువగా దొరుకుతున్నది సెన్సారు అధికారులు అనువదించి నివేదికల్లో చేర్చిన ముక్కలుగా. చదువు రానివారికి మరొకరు రాసిపెట్టినవి, మరొకరు చదివినవి, ఇంకొకరు ఇంగ్లీషులోకి మార్చినవి. మిత్రుడితో ఏకాంతంగా మాట్లాడిన గొంతు ఆ మూడు చేతులు దాటి వచ్చేసరికి ఎంత మిగులుతుంది? మాధవరం లాంటి ఊళ్ళలో ఏ పాత పెట్టెలోనైనా అసలు తెలుగు ఉత్తరం ఉంటే, అది ఈ కారణం వల్లనే అపురూపం.

అమెరికన్ ఉత్తరాల దగ్గరికి తిరిగి వస్తే, విన్యాసాల్లో కుదిరిన స్నేహాలు చాలావరకు కలిసి యుద్ధానికి వెళ్ళలేదు. 106వ పదాతి డివిజన్ సంగతి చూస్తే చాలు. 1944 మొదట్లో, ఆ భయంకరమైన చలికాలంలో అది టెనెసీలో విన్యాసాలు చేసింది. ఆ తర్వాత యూరప్‌లో తగ్గిపోతున్న దళాలను భర్తీ చేయడానికి అందులోంచి సుమారు 7,000 మందిని లాగేసుకున్నారు. ఒకే డేరా కింద పడుకున్నవాళ్ళు వేర్వేరు దళాలకు చెదిరిపోయారు. ఖాళీలను కొత్తవాళ్ళతో నింపి పంపిన ఆ డివిజన్ మీద డిసెంబరులో బెల్జియం, జర్మనీ సరిహద్దులోని ఆర్డెన్స్ అడవుల్లో జర్మన్ల పెద్ద దాడి పడింది. యుద్ధరంగంలో ముందు వరుసకు చేరి పది రోజులైనా కాకముందే, డిసెంబరు 19న దాని మూడు రెజిమెంట్లలో రెండు లొంగిపోయాయి. నది దాటడం, చలిలో పడుకోవడం నేర్పడానికి నెలలు వెచ్చించిన సైన్యం, ఆ నెలల్లో పుట్టిన పరస్పర నమ్మకాన్ని మాత్రం మనుషుల లెక్కలో చేర్చలేదు. ఈ భర్తీ విధానం మీద తర్వాత వచ్చిన విమర్శ పూర్తిగా న్యాయమైనదే.

1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని సిబ్బంది రికార్డుల కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. 1912 నవంబరు నుంచి 1959 చివరి దాకా సైన్యం నుంచి విడుదలైనవారి వ్యక్తిగత ఫైళ్ళలో సుమారు 80 శాతం కాలిపోయాయి. ఒక సైనికుడు ఏ వారం ఎక్కడున్నాడో, ఏ కంపెనీలో ఉన్నాడో చెప్పే కాగితాలు చాలా కుటుంబాలకు ఇక దొరకవు. కవరు మూలన ఉన్న పేరూ దళమూ ఏపీఓ నంబరూ, టపా ముద్రలోని తేదీ ఇప్పుడు ఆ ఫైలుకు బదులు పనిచేస్తున్నాయి. కాలిఫోర్నియాలోని చాప్‌మన్ విశ్వవిద్యాలయంలో ఉన్న అమెరికన్ యుద్ధ ఉత్తరాల కేంద్రం, అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2000లో మొదలుపెట్టిన మాజీ సైనికుల చరిత్ర ప్రాజెక్టు ఇలాంటి కాగితాలను తీసుకుంటున్నాయి. ఇల్లు సర్దేటప్పుడు యుద్ధరంగం నుంచి వచ్చిన కట్టను దాచుకుని, ఏమీ జరగలేదన్న ఉద్దేశంతో శిబిరాల నుంచి వచ్చిన కట్టను పారేసే కుటుంబాలు ముందుగా తెలుసుకోవాల్సింది ఈ సంగతే. మిత్రుడికి వెళ్ళిన ఉత్తరాలు రాసినవాడి ఇంట్లో ఉండవు, ఆ మిత్రుడి పిల్లల ఇంట్లో, తమకు సంబంధం లేని ఎవరో పేరుతో ఉంటాయి. వాటిని వెతకాల్సింది కూడా అక్కడే.